బాబు చేతి మీద బిసిజి పొక్కు - నా అనుభవం

మా బాబు పుట్టిన రోజే ఎడమ చేతికి బిసిజి (టీబీ రాకుండా వేసే టీకా) వేశారు, అప్పుడు సూది దగ్గర చిన్న బుడిపెలా లేచి అరగంటలో పోయింది, నేను ఆ సంగతే మర్చిపోయా. ఐదో వారంలో అమ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తుంటే అక్కడ ఎర్రగా కందిగింజంత గడ్డ, రెండ్రోజులకి చీము పట్టింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అమ్మేమో "ఏం కాదులేవే, టీకా పొక్కింది, పసుపు పెడితే మాడిపోతుంది" అంటుంది. (దేశంలో 1948లో బిసిజి మొదలుపెట్టిన చోట్లలో మా మదనపల్లె ఒకటి, ఆ ఊరావిడకి పసుపే గుర్తొచ్చింది చూడండి.) మెడికల్ షాపాయన బాబు వయసు కూడా అడక్కుండా యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ చేతిలో పెట్టాడు. ఎందుకో రాయబుద్ధి కాలేదు.

పిల్లల డాక్టరమ్మ దగ్గరికెళ్తే ముందు పుండు కాదు, చంకలో వేళ్లు పెట్టి బిళ్లలు కట్టాయేమో చూసింది. కట్టలేదు. "ఏమీ రాయొద్దమ్మా, పిండొద్దు, పసుపు అసలొద్దు, కారితే శుభ్రమైన నీళ్లతో తుడువు చాలు" అంది.

మరి నెల తర్వాత ఎందుకు మేడమ్ అంటే ఓపిగ్గా చెప్పింది. బిసిజిలో ఉండేది బతికున్న బ్యాక్టీరియానే, పశువుల టీబీ క్రిమిని 13 ఏళ్లు, 230 సార్లు మార్చి మార్చి పెంచి బలం తీసేశారు. చర్మంలో కాపలా కాసే డెండ్రిటిక్ కణాలు దాన్ని పట్టుకుని చంకలోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి టి కణాలకి (క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) చూపిస్తాయి (చంక ఎందుకు చూసిందో అప్పుడర్థమైంది), ఆ క్రిమిని గుర్తుపట్టే టి కణాలు మొదట్లో కొన్నే ఉంటాయి, అవి వేలకి వేలై చేతి దగ్గరికి తిరిగి రావాలంటే వారాలు పడుతుంది. వచ్చాక ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేతం లాంటి పదార్థం వదిలి మాక్రోఫేజ్‌లనే కణాల్ని ఉసిగొల్పుతాయి, అవి క్రిముల్ని మింగి చంపే గొడవే ఈ వాపూ చీమూ.

వారానికి అదే పగిలింది. చొక్కా అంటుకుపోయి తీస్తుంటే ఒకటే ఏడుపు, ఇక చొక్కాల ఎడమ చేతులన్నీ కత్తిరించేశా. చెక్కు కట్టడం, ఊడటం, మళ్లీ కారడం, పదకొండో వారానికి గానీ ఆరలేదు. ఇప్పుడు మినపగింజంత మచ్చ ఉంది. ఆ ఆయింట్‌మెంట్ సీలు కూడా తీయకుండా ఫ్రిజ్ మీదే ఉంది.