కరెన్సీ పడితే టూరిస్టులు వస్తారు, మరి వెళ్లాలనుకున్నవాళ్లు?

ఏ దేశం కరెన్సీ పడిపోయినా వెంటనే వినిపించే మాట, ఇక అక్కడి టూరిజానికి పండగే అని. నాకు ఈ మాట నచ్చదు. తప్పని కాదు, సగమే చెబుతుంది.

మారకం రేటు తమకి ఎదురు తిరగగానే జనం ప్రయాణాలు మానేయరు. దూరదేశాల టికెట్లు, హోటళ్లు నెలల ముందే బుక్ అయిపోయి ఉంటాయి కాబట్టి వెళ్తారు, కాకపోతే అక్కడ ఆచితూచి ఖర్చు పెడతారు, తర్వాతి ట్రిప్పుకి రెండు రోజులు తగ్గించుకుంటారు, లేదంటే అలాంటి సముద్రతీరమే ఇంకో దేశంలో చవగ్గా దొరుకుతుందేమో చూస్తారు. సరిహద్దు ఊళ్లలో ఇంత ఆలస్యం ఉండదు. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు, యూరో 1.20 ఫ్రాంకుల (స్విస్ కరెన్సీ) కంటే దిగకుండా పెట్టిన హద్దును ఉన్నట్టుండి ఎత్తేసింది. నిమిషాల్లో ఫ్రాంక్ ఎగిసింది. జర్మనీ అతిథులు తగ్గి స్విస్ హోటళ్లు లబోదిబోమంటే, స్విస్ జనం సంచులు పట్టుకుని సరిహద్దు పక్కనే ఉన్న జర్మన్ ఊరు కాన్‌స్టాన్జ్‌కి బయల్దేరారు. కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి రావాలంటే ఫారం మీద కస్టమ్స్ ముద్ర పడాలి, ఆ ముద్ర కోసం క్యూలు.

రేటు ఒక్కటే చూస్తే మోసపోతాం కూడా. 2023లో ఉరుగ్వే వాళ్లు నది దాటి అర్జెంటీనాకి వెళ్లి సరుకులు చవగ్గా కొనుక్కునేవారు. 2024లో అర్జెంటీనా కరెన్సీ పెసో అధికారిక రేటు నెలకు 2 శాతం చొప్పున పడుతూనే ఉంది, అయినా ధరలు అంతకంటే వేగంగా పెరిగేసరికి డాలర్ల లెక్కలో దేశం ఖరీదైపోయింది. చివరికి అర్జెంటీనా వాళ్లే బట్టలకీ ఫోన్లకీ చిలీ బాట పట్టారు.

ఇక జపాన్. 2012లో డాలర్‌కు 80 యెన్ల దగ్గర ఉన్న రేటు 2024 జూలైలో 160 దాటింది, అంటే యెన్ విలువ సగానికి పడిపోయింది. ఆ ఏడాది 3 కోట్ల 68 లక్షల మంది విదేశీయులు వచ్చారు, అప్పటికి అదే రికార్డు (వీసాలు సడలించడమూ కలిసొచ్చింది, అంతా యెన్ పుణ్యమే కాదు). అదే ఏడాది విదేశాలకు వెళ్లిన జపనీయులు మాత్రం 1 కోటి 30 లక్షలే, 2019లో 2 కోట్లు దాటారు. వచ్చేవాడికి లాభమైన రేటే, యెన్లలో జీతం తీసుకునేవాడి జేబుకి చిల్లు పెట్టింది. అమెరికాలో ఒక సెమిస్టర్ చదవాలనుకున్న కుర్రాడికి డాలర్ ఫీజు పైసా పెరగకపోయినా 2012తో పోలిస్తే యెన్లలో రెట్టింపు అవుతుంది, అతను ఆగిపోతే ఆ సంగతి ఏ టూరిజం లెక్కలోకీ ఎక్కదు. టూరిస్టుల రికార్డు ప్రకటించే ప్రతి ప్రభుత్వమూ ఆ పక్కనే బయటికి వెళ్లగలిగిన తన జనం అంకె కూడా వేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.