పల్స్ 46

పెద్దబాపు ఆపరేషన్‌కు రక్తం కావాలనగానే నేనే ముందు బయల్దేరాను. బ్లడ్ బ్యాంకులో సిస్టర్ నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టింది. వదిలేసి మళ్లీ పట్టుకుంది. "46 ఉన్నది తమ్మీ. 60 లేకుంటే మేం తీసుకోం. ఒకసారి డాక్టర్‌కు చూపించుకో" అన్నది.

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021లో నేషనల్ ఓపెన్ పోటీలు జరిగిన ఏడాదే నేను ట్రాక్ ఎక్కాను. నాది 5,000 మీటర్లు. రన్నర్లకు పల్స్ తక్కువే ఉంటుందని తెలుసు కాబట్టి భయపడలేదు. ఈసీజీ చూసిన డాక్టర్ మాత్రం రెండు ప్రశ్నలు అడిగారు. పరుగెత్తేటప్పుడు కళ్లు తిరిగి పడ్డావా? లేదన్నాను. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా? దానికి అమ్మ జవాబు చెప్పింది. చిన్నాయన, 34 ఏళ్లకు, పొలం గట్టు మీద.

గుండె స్కానింగ్ ఎకోలో ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తం పంపే గుండె గది, గోడ మందం 13 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలుగా 11 దాటదు. ఏళ్ల తరబడి పరుగెత్తితే గుండె గది పెద్దదవుతుంది, గోడ కాస్త మందమవుతుంది. విశ్రాంతిలో ఒంటికి నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం కావాలి. 70 సార్లు కొట్టుకునే గుండె ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్లు పంపితే, 46 సార్లే కొట్టుకునేది దాదాపు 110 పంపాలి. అంత బలం సాధనతోనే వస్తుంది. కానీ వంశంలో నడిచే, హఠాత్తుగా ప్రాణం తీయగల గుండె జబ్బు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిలోనూ గోడ మందమవుతుంది. 13 అంటే ఎటూ తేల్చని అంకె. పరుగు ఆపితే సాధన వల్ల వచ్చిన మందం తగ్గుతుంది, జబ్బైతే తగ్గదు. మూడు నెలలు ఆపమన్నారు.

పొద్దున ఐదింటికి మెలకువ వచ్చేది, చేయడానికి పనుండేది కాదు. భద్రకాళి బండ్ మీద అమ్మతో నడిచేవాణ్ని. చిన్నాయన మాట ఆమె ఒక్కసారీ ఎత్తలేదు. రాత్రిళ్లు మాత్రం నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసేది. నేను కళ్లు తెరవకుండా అలాగే పడుకునేవాణ్ని.

రెండో ఎకోలో గోడ 10.5కు దిగింది. పల్స్ 62. పరుగెత్తొచ్చు, కళ్లు తిరిగినా ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆగిపో, ఏటా వచ్చి చూపించుకో అన్నారు డాక్టర్.

ట్రాక్ ఎక్కితే పల్స్ మళ్లీ తగ్గుతుంది. అందుకే మర్నాడు స్టేడియానికి కాకుండా బ్లడ్ బ్యాంకుకు వెళ్లాను. అదే సిస్టర్. ఈసారి ఒక్కసారే లెక్కపెట్టి, మంచం చూపించింది.