64 అక్షరాల దెబ్బ: ఒక జూనియర్ లాయర్ అనుభవం

నిన్న సాయంత్రమే కోర్టు నుంచి వచ్చాను. ఒక్క పెన్‌డ్రైవ్‌ మీద ఎగ్జిబిట్ నంబరు (కోర్టు సాక్ష్యంగా తీసుకుని వేసే నంబరు) వేయించుకోవడానికి మూడు వాయిదాలు పట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నాది ఒడిశాలోని పర్లాకిమిడి. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ 2024 వేసవిలో పూర్తయింది. పరీక్షలు రాసి పుస్తకాలు అటక మీద పెట్టేసరికి నేను చదివిన ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం మూడూ మారిపోయాయి. జులై 1 నుంచి కొత్తవి అమల్లోకి వచ్చాయి. హత్య అంటే 302 అని నిద్రలో కూడా చెప్పేవాళ్లం, ఇప్పుడది 103. కొత్త చట్టాలు పాఠాల్లో పెట్టమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మే నెలలోనే కాలేజీలకు చెప్పింది, కానీ ఆ భాగ్యం మా తర్వాతి బ్యాచ్‌ది.

ఎన్‌రోల్‌మెంట్‌లో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. ఒడిశాలో లాయరుగా పేరు నమోదు చేయించుకోవడానికి 42,100 రూపాయల దాకా అయ్యేది. జనరల్ వాళ్ల దగ్గర 750, ఎస్సీ ఎస్టీల దగ్గర 125 మించి తీసుకోకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చేసింది. కట్టేసినవాళ్లకి వెనక్కి ఇవ్వక్కర్లేదని కూడా అంది. రెండు నెలల ముందు కట్టిన నా స్నేహితురాలి దగ్గర ఆ ఊసెత్తితే ఇప్పటికీ కొడుతుంది. కొత్త లాయర్లు రాయాల్సిన బార్ పరీక్ష పెద్ద గండమేమీ కాదు. 100 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, నోట్స్ రాయని బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టాల పుస్తకాలు) పట్టుకెళ్లొచ్చు, కావాలంటే తెలుగులోనే రాయొచ్చు.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. మా సీనియర్ గారు ఒక స్థలం దావాలో కాగితాల పని నాకు అప్పజెప్పారు. అవతలివాళ్లు ప్రహరీ గోడ పడగొడుతుంటే మా క్లయింటైన పెద్దమ్మ ఫోన్లో వీడియో తీసింది. గట్టి సాక్ష్యం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాలని కాలేజీలో చెప్పిన 65బి సర్టిఫికెట్ గుర్తుంది కదా అని నాలుగు పేరాలు టైపు చేసి ఇచ్చేశా. అది పాత సాక్ష్య చట్టం. కొత్త దాంట్లో సెక్షన్ 63, దానికి షెడ్యూల్లో వేరే ఫారం. మొదటి వాయిదా అలా పోయింది.

ఆ ఫారంలో రెండు భాగాలుంటాయి. ఎ భాగం రికార్డు ఇచ్చేవాళ్లు నింపాలి, బి భాగం నిపుణుడు. రెండింటిలోనూ హ్యాష్ వాల్యూ అడుగుతారు. ఆ మాట మా మూడేళ్లలో ఏ క్లాసులోనూ వినలేదు. సైబర్ లా పేపరు లేక కాదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపితే శిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేస్తే, మా మాస్టారు దాన్ని బతికున్న సెక్షన్‌లాగే డిక్టేట్ చేశారు, మేం రాసుకున్నాం, మార్కులూ వచ్చాయి!

యూట్యూబ్ చూసి ఎలాగో ఒక హ్యాష్ తీసి రాశా. రెండో వాయిదాలో అవతలి లాయరు గారు మా పెన్‌డ్రైవ్‌ని తన ల్యాప్‌టాప్‌లో పెట్టి హ్యాష్ తీసి చూశారు. "ఈ రెండు నంబర్లూ వేరు. అసలు హ్యాష్ అంటే ఏంటో మేడమ్‌ని చెప్పమనండి, చాలు" అన్నారు. జడ్జి గారు కళ్లద్దాల పైనుంచి నా వైపు చూశారు. నోరు పెగల్లేదు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. వరండాలోకి రాగానే పెద్దమ్మ, "ఏటమ్మా, మన ఈడియో చెల్లదంతన్నారేటి?" అంది. ఏం చెప్పను?

దారి చూపింది మా సీనియర్ గారు కాదు, ఏ ప్రొఫెసరూ కాదు, కోర్టు ఎదురుగా ఉన్న డీటీపీ కుర్రాడు. "అక్కా, వీడియో నీకెలా వచ్చింది?" అని ఒకటే ప్రశ్న వేశాడు. వాట్సాప్‌లో, అన్నాను. తల పట్టుకున్నాడు. వాట్సాప్ వీడియోని కుదించి పంపుతుంది, అంటే చేతికొచ్చేది వేరే ఫైలు. హ్యాష్ అనేది ఫైలుకి వేలిముద్ర లాంటిది, ఒక్క బిట్ మారినా మొత్తం మారిపోతుంది. నేను హ్యాష్ తీసింది వాట్సాప్ ఫైలుకి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించింది పెద్దమ్మ ఫోన్లోంచి నేరుగా తీసిన ఫైలు. వాడే విండోస్‌లో నల్ల తెర తెరిచి సర్ట్‌యూటిల్ అనే కమాండ్ కొట్టించాడు. షా-256 హ్యాష్, 64 అక్షరాలు. ఫోన్లో ఫైలుకీ పెన్‌డ్రైవ్‌లో ఫైలుకీ అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. మీరు మాత్రం ఆ అక్షరాలు చేత్తో టైపు చేయకండి, కాపీ చేసి అతికించండి. ఫోన్ని కేసు తేలేదాకా అమ్మొద్దని క్లయింటుకి మొదటి రోజే చెప్పండి.

బి భాగంలో సంతకానికి నిపుణుణ్ని వెతుక్కుంటూ బరంపురం వెళ్లొచ్చాం. ఆ బస్సు ప్రయాణం గురించి రాయను. వీడియోలో తిట్లన్నీ తెలుగులో ఉన్నాయి, వాటికి అనువాదం కూడా నేనే రాశా. గిడుగు వారు వాడుక భాష కోసం పోరాడిన ఊరిదాన్ని, ఆ తిట్లను గ్రాంథికంలోకి మార్చకుండా ఉన్నవున్నట్టే రాశాను.

నిన్న దానికి ఎగ్జిబిట్ నంబరు పడింది. అవతలి లాయరు గారు సంఖ్యలు రెండుసార్లు సరిచూసుకుని కూర్చున్నారు. బయటికొచ్చాక ఆయన జూనియర్ నా దగ్గరకొచ్చి, ఆ ఫారం సాఫ్ట్ కాపీ ఉంటే పంపమని అడిగాడు. ఆ రోజు వెనక బెంచీలో నవ్వింది ఇతనే. పంపాను, కానీ రాత్రి పదిన్నరకి.