ముడి దూకిన రోజు

నరసాపురం దగ్గరి పల్లెలో పుట్టినదాన్ని కావడం వల్ల, లేసు అంటే కొక్కెం సూదితో అల్లేదేనని చాలాకాలం అనుకున్నాను. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చిన ఆ క్రోషే అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మా, పెద్దమ్మా అరుగుమీద కూర్చుని లేసు అల్లుతుంటే పక్కన చేరి, పదేళ్లు రాకముందే నేనూ గొలుసు అల్లడం నేర్చుకున్నాను. నా అల్లికలో తప్పు కనబడితే పెద్దమ్మ ఏమీ అనేది కాదు. కొస పట్టుకుని ఒక్క లాగు లాగేది, రెండు వరుసలూ సర్రున ఊడి దారమైపోయేవి. ఈ అనుభవం ఉంది కదా అన్న ధీమాతోనే, దారంతో ముళ్లు వేస్తూ చిన్న చిన్న వలయాలుగా లేసు చేసే టాటింగ్ అనే పని వారం రోజుల్లో వచ్చేస్తుందనుకున్నాను. మొదటి వలయం సరిగ్గా మూసుకోవడానికే పదహారు రోజులు పట్టింది.

టాటింగ్‌ను సూదితో చేసే పద్ధతి కూడా ఉంది గానీ, నేను ఎంచుకున్నది షటిల్‌తో చేసేది. షటిల్ అంటే మగ్గం మీద ఆడే నాడెకు బుల్లి రూపమే: అరచేతిలో ఇమిడిపోయే రెండు రేకులు, కొసల దగ్గర ఒకదాన్నొకటి తాకుతూ, వాటి మధ్య దారం చుట్టుకునే చిన్న దిమ్మ. దారం రేకుల అంచులు దాటి బయటకు ఉబ్బేలా చుట్టకూడదు. చుడితే అది ప్రతి ముడి దగ్గరా పట్టేస్తుంది. జర్మన్లు ఈ పనిని చిన్న పడవ పేరుతో పిలుస్తారు, ఇటాలియన్లు కబుర్ల పేరుతో పిలుస్తారు. కబుర్లాడుకుంటూ చేసుకునే పనేమో నాకు తెలియదు గానీ, మొదటి రెండు వారాలూ పక్కనుంచి ఎవరైనా పలకరించినా నాకు విసుగు వచ్చేది.

ఇందులో ఉన్నదల్లా ఒకే ఒక్క ముడి, అదీ రెండు సగాలుగా వేసేది. ఎడమచేతి వేళ్లచుట్టూ దారాన్ని ఉచ్చులా తిప్పి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కిపట్టి, కుడిచేతిలోని షటిల్‌ను మొదటి సగానికి ఆ దారం కిందుగా పోనిచ్చి మీదుగా వెనక్కి తేవాలి; రెండో సగానికి మీదుగా పోనిచ్చి కిందుగా తేవాలి. రెండూ కలిస్తే, పలుపుతాడును గుంజకు తగిలించే ముడి వంటిదే తయారవుతుంది. ఇంగ్లీషులోనూ ఆ ముడికి ఆవు పేరే ఉందని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

నేను చిక్కుకున్నది ఆ ముడి ఆకారంలో కాదు, అది ఏ దారం మీద పడుతుందన్న దగ్గర. షటిల్ తిరిగి వచ్చిన క్షణంలో దాని దారం ఎడమచేతి దారాన్ని చుట్టుకుని ఉంటుంది, కానీ మనకు కావలసింది దానికి సరిగ్గా తలకిందులు. ఎడమచేతి వేళ్లను వదులు చేసి కుడిచేతి దారాన్ని బిగించి లాగితే మెలిక ఈ దారం నుంచి ఆ దారానికి దూకుతుంది. అప్పుడు షటిల్ దారం తిన్నగా నిలబడి, ఎడమచేతి దారమే దానిచుట్టూ ముడి అవుతుంది. అలా దూకిన ముళ్లన్నీ షటిల్ దారం మీద పూసల్లా జారతాయి కనుక, చివర ఆ దారాన్ని లాగితే వలయం మూసుకుంటుంది. వాటిలో ఒక్కటి దూకకపోయినా అక్కడే బిగుసుకుపోయి వలయం ఇక కదలదు. క్రోషేలో పనంతా కుడిచేయి చేస్తుంది, ఎడమచేయి దారాన్ని బిగువుగా అందిస్తుంది; నా ఎడమచేతికి ఆ బిగువు ముప్పై ఏళ్లుగా అలవాటు. వదలవలసిన చోట అది వదలలేదు. రానివాళ్లకంటే, క్రోషే వచ్చిన నాకే ఇది ఎక్కువ కష్టమైందని ఇప్పటికీ నా నమ్మకం.

చివరికి దారి చూపింది రెండు రంగుల దారం. షటిల్‌కు ఎర్రదారం చుట్టి, ఎడమచేతికి తెల్లదారం తీసుకుని, రెండింటి కొసలనూ కలిపి ముడివేసి సాధన మొదలుపెట్టాను. దూకిన ముడి తెల్లగా కనిపిస్తుంది, దూకనిది ఎర్రగా కనిపిస్తుంది. మొదటి సాయంత్రం అంతా ఎరుపే. మూడోనాడు వరుసగా ఎనిమిది తెల్లముళ్లు పడ్డాయి. నేర్చుకోదలచినవారు 10 నంబరు దారంతో ఈ సాధన చేసి, ఆ తర్వాతే 20కి వెళ్లడం మంచిది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, 80 నంబరుతో చేసేవారి కళ్లకు నా నమస్కారం.

ముళ్ల మధ్య కాస్త ఎడం వదిలి దగ్గరకు జరిపితే నిలిచే చిన్న ఉచ్చును పికో అంటారు. చూడటానికి అందం కోసం అనిపిస్తుంది గానీ, ఒక వలయాన్ని మరో వలయానికి కలిపేదీ అదే. పక్క వలయపు పికోలోంచి ఎడమచేతి దారాన్ని పైకి లాగి, ఆ లాగిన ఉచ్చులోంచి షటిల్‌ను పోనివ్వాలి. అలా లాగడానికి సన్నని కొక్కెం కావాలి. అమ్మమ్మ లేసు సూది ఇన్నాళ్లకు మళ్లీ నా చేతిలోకి వచ్చింది అందుకే.

ఐదేసి ముళ్లకు ఒక పికో చొప్పున, ఇరవై ముళ్లతో ఒక్కో వలయం చేస్తూ, ఆరు వలయాల పువ్వు ఒకటి పూర్తిచేసి, మొన్న ఊరు వెళ్లినప్పుడు పెద్దమ్మకు చూపించాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు తిప్పితిప్పి చూసింది.

“ఇక్కడ నాలుగే ఉన్నాయే,” అంది.

నిజమే. నాలుగో వలయంలో ఒక ముడి తక్కువైంది. పాత అలవాటు కొద్దీ కొస పట్టుకుని లాగింది. ఊడలేదు. మూసిన వలయాన్ని తెరవాలంటే ఒక పికో దగ్గర ముళ్లను గోటితో ఎడంచేసి, లోపలి దారాన్ని కొంచెం కొంచెంగా బయటకు తీయాలని, తొందరపడితే దారం తెగుతుందని చెప్పాను.

“అయితే ముందే సరిగ్గా లెక్కపెట్టుకోవాలన్నమాట,” అంటూ పువ్వు నా చేతిలో పెట్టింది.