హిస్టరీ సారు అడిగిన ప్రశ్న

మన పాత విద్యార్థుల సంచిక కమిటీ ఉత్తరంలో ‘రెండు పేజీలకు మించకుండా, వీలైతే హాస్టలు ముచ్చట్లు’ అని ఉంది. సాంబారు పందెం, భీముడి మీసం ఊడిపోయిన నాటకం, కందుకూరు కవి ప్రేమలేఖలు ఎవరో ఒకరు ఎలాగూ రాస్తారు. నాకిచ్చిన రెండు పేజీలూ హిస్టరీ సారుకే.

మొదటి ఏడాది వియత్నాం ఊరేగింపు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మద్రాసు బస్టాండు దగ్గర బయలుదేరాం. అట్టముక్కల మీద నినాదాలన్నీ కవి చేతిరాతే. ‘నీ పేరు వియత్నాం, నా పేరు వియత్నాం’ అన్న కలకత్తా నినాదాన్ని మన విద్యార్థుల ప్రెసిడెంటు గొంతు పోయేదాకా అరిచాడు. సారు గొడుగు పట్టుకుని మన వెనకాలే నడిచారు. అంతకుముందు రోజు క్లాసులో, అమెరికా విమానాలు అక్కడ కురిపిస్తున్న నాపామ్ అనే జిగట మంటల బాంబు ఒంటికి అంటుకుంటే ఏమవుతుందో ఆయన చెప్పారు. ఆ పూట మెస్సులో చాలామంది కంచాల ముందు కూర్చుని లేచిపోయారు. ఎక్కడో ఉన్న పసిపిల్లల కోసం నెల్లూరు కుర్రాళ్ళు అన్నం మానేయడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

రెండో ఏడాది గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

1972 చివరికి వస్తాను. జై ఆంధ్ర రోజులు. కాలేజీలు మూతపడ్డాయి. ఇళ్ళకు వెళ్ళని కొద్దిమందిమి హాస్టల్లోనే ఉండిపోయాం. ఒక రాత్రి చివరి గదిలో ప్రెసిడెంటు ఒక ఆఫీసు పేరు చెప్పి, దాని రికార్డు గది తగలబెట్టాలన్నాడు. ‘రాత్రిపూట ఎవరూ ఉండరు. కాలేది కాగితాలే’ అన్నాడు. ఊరేగింపులో ఏడ్చినవాడే ఆ మాట అన్నాడు. ఊరేగింపులు చేసీ చేసీ, లాఠీ దెబ్బలు తినీ తినీ, ఎవరూ వినడం లేదన్న కసి అతనిలో పేరుకుపోయింది.

సారుకు ఎవరు చెప్పారో తెలియదు. వచ్చి మంచం మీద కూర్చున్నారు. తిట్టలేదు. పొట్టి శ్రీరాములు గారు 1946లో మన మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల ప్రవేశం కోసం నిరాహార దీక్ష పట్టిన సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. సారు దాన్ని కూడా ఎత్తలేదు. అమెరికాలో మాడిసన్ అనే ఊరి గురించి మొదలుపెట్టారు.

1967 అక్టోబరులో, నాపామ్ తయారుచేసే డౌ కంపెనీ ఉద్యోగులను ఎంపిక చేసుకోవడానికి అక్కడి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వచ్చింది. విద్యార్థులు వరండాలో అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు లోపలికి వచ్చి తలలు పగలగొట్టారు. యుద్ధం ఆగకపోగా కంబోడియాకు పాకింది. 1970 మే 4న కెంట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డు కాల్పులకు నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ ఆగస్టు 24న తెల్లవారుజామున మాడిసన్‌లో నలుగురు యువకులు ఒక వ్యానులో అమ్మోనియం నైట్రేటు, ఇంధన నూనె కలిపి నింపి, స్టెర్లింగ్ హాలు పక్కన పెట్టి పేల్చారు. పై అంతస్తుల్లో సైన్యం డబ్బుతో నడిచే గణిత కేంద్రం ఉంది. ఆ వేళప్పుడు లోపల ఎవరూ ఉండరనుకున్నారు. కింద ఫిజిక్స్ ప్రయోగశాలలో రాబర్ట్ ఫాస్‌నాక్ట్ అనే పరిశోధకుడు పని చేసుకుంటున్నాడు. ముప్ఫై మూడేళ్ళవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. చనిపోయాడు.

సారు అక్కడ ఆపి, ‘నాయనా, ఆ ఆఫీసులో రాత్రి ఎవరు పడుకుంటారు?’ అని ప్రెసిడెంటును అడిగారు.

ఎవరూ మాట్లాడలేదు. చివరికి కవి చెప్పాడు, వాచ్‌మన్ తాత పడుకుంటాడని, చలికాలం కాబట్టి మనవణ్ణి కూడా లోపలే పడుకోబెడతాడని.

ప్రెసిడెంటు ఊరుకోలేదు. ‘మా మీద తుపాకులు పేల్చేవాళ్ళు ఈ ప్రశ్న వేసుకుంటున్నారా సార్?’ అన్నాడు. అది కొట్టిపారేసే మాట కాదు. సారు కూడా కొట్టిపారేయలేదు. ‘వేసుకోవడం లేదు. అందుకే కదా నువ్వు వియత్నాం కోసం వీధిలోకి వచ్చావు!’ అన్నారు. ఆ తర్వాత చాలాసేపు అక్కడే కూర్చున్నారు. రికార్డు గది జోలికి ఎవరూ పోలేదు.

ఉదయగిరిలో, ఆత్మకూరులో సోషల్ చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. పదో తరగతికి వియత్నాం చెప్పిన ప్రతిసారీ మాడిసన్ కూడా చెప్పాను. ఆ యువకులు పుట్టుకతో క్రూరులని ఎన్నడూ చెప్పలేదు. 1970 మార్చి 6న న్యూయార్కులో ఒక ఇంట్లో, తాము తయారుచేస్తున్న బాంబే పేలి మరో యుద్ధవ్యతిరేక బృందంవాళ్ళు ముగ్గురు చనిపోయారు. వాళ్ళలో డయానా ఓటన్ అనే అమ్మాయి అంతకుముందు గ్వాటెమాలాలో పేదలకు చదువు చెప్పింది. ఆ బాంబు సైనిక స్థావరంలో జరిగే నృత్యసభ కోసం తయారవుతున్నది. పలక మీద అక్షరాలు దిద్దించిన చేతులు అక్కడిదాకా ఎలా వెళ్ళాయన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న. ఒక్కరోజులో వెళ్ళి ఉండవు. ప్రతి దెబ్బా మరో అడుగు వేయించింది. ఏదో ఒక అడుగు దగ్గర, అవతల ఉన్నది కూడా మనిషేనన్న స్పృహ తప్పిపోయింది.

మా అమ్మాయి ఫిజిక్స్‌లో పరిశోధన చేసింది అదే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో. ఉదయగిరిలో వీధి కుళాయి దగ్గర నీళ్ళు పట్టిన పిల్ల అది. పట్టా తీసుకునే రోజున అక్కడే ఉన్నాను. మర్నాడు నన్ను స్టెర్లింగ్ హాలుకు తీసుకెళ్ళింది. గోడకు ఫాస్‌నాక్ట్ పేరుతో చిన్న ఫలకం ఉంది. ఆయన కూడా యుద్ధాన్ని వ్యతిరేకించినవాడేనని తర్వాత చదివాను. పేల్చినవాళ్ళలో అందరికన్నా చిన్నవాడికి పద్దెనిమిదేళ్ళు. ఊరేగింపు నాటికి మనలో చాలామంది వయసు అంతే. ఒకతను జైలు నుంచి వచ్చి అదే ఊళ్ళో పళ్ళరసాలు అమ్ముకున్నాడు. మరొకతను నేటికీ దొరకలేదు.

ఇదంతా రాసే ముందు ప్రెసిడెంటుకు ఫోను చేశాను. గూడూరులో వకీలు. బెయిలుకు డబ్బు కట్టలేనివాళ్ళ కేసులు ఫీజు లేకుండా చూస్తాడు. ‘రాయి, నా పేరు కూడా వేయి’ అన్నాడు. పేరు మీ అందరికీ తెలుసు కనుక వేయలేదు.