నేను దిద్దని వాంగ్మూలం

గత నెలలో ఒక రాత్రి బ్రిటన్ నుంచి నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. దేవరకొండలో అతనికి మూడేళ్లు ఇంగ్లీషు చెప్పాను. వాట్సాప్‌లో నాలుగు పేజీలు పంపి, "సార్, దీన్ని జర దిద్ది ఇయ్యున్రి, ఎల్లుండి వకీలుకు ఇయ్యాలె" అన్నాడు. అది ఆశ్రయం కోరుతూ అక్కడి ప్రభుత్వానికి సమర్పించవలసిన వాంగ్మూలం. తాను ఒక పార్టీ కార్యకర్తనని, ప్రత్యర్థులు చంపుతామని బెదిరించారని అందులో ఉంది; అతను ఏ పార్టీ జెండా మోయలేదని నాకు తెలుసు. ఊరి పేరు ఉండవలసిన చోట ఖాళీ గీత అలాగే ఉంది. ఆ కథ ఇదివరకు ఎందరి పేర్ల మీద వెళ్లిందో!

అసలు సంగతి వేరు. తండ్రి ఎకరంన్నర బత్తాయి తోట అమ్మి, చాలని దానికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి ఒక ఏజెంటు ద్వారా కొడుకును చదువుకు పంపాడు. రెండో వాయిదా ఫీజు కట్టలేక చదువు ఆగింది, దానితోపాటే వీసా పోయింది. ఇప్పుడు అతను ఒక హోటల్ వంటగదిలో తెల్లవారే దాకా గిన్నెలు తోముతాడు. వేడినీళ్లకు, సబ్బుకు వేళ్ల సందులు పగిలిన ఫొటో వాళ్లమ్మ నాకు చూపించింది. రెండు నెలల జీతం యజమాని ఎగ్గొట్టాడు. అడిగితే పోలీసులకు పట్టిస్తానన్నాడట.

1951 నాటి శరణార్థుల ఒప్పందం జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక బృందానికి చెందడం, రాజకీయాభిప్రాయం అనే అయిదు కారణాల వల్ల హింసకు గురయ్యేవారికే రక్షణ చెబుతుంది. అప్పు అందులో లేదు. అర్జీ పెడితే చాలు, పని పర్మిట్ వస్తుందని ఏజెంటు చెప్పిన మాట కూడా అబద్ధమే. తన తప్పు లేకుండా 12 నెలలు దాటినా నిర్ణయం రాకపోతేనే అక్కడ పనికి అనుమతి అడగవచ్చు, అదీ ప్రభుత్వం అనుమతించిన కొన్ని ఉద్యోగాలకే. నిజంగా ప్రాణభయంతో వచ్చినవారు ఇలాంటి కథల వెనుక వరుసలో నిలబడి అనుమానపు చూపులు భరించవలసి వస్తుంది. అందుకే నేను దిద్దలేదు.

అనుమతి లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానికి 2024 ఫిబ్రవరి నుంచి బ్రిటన్‌లో మొదటిసారికి ఒక్కొక్కరికి 45,000 పౌండ్ల దాకా, మళ్లీ దొరికితే 60,000 దాకా జరిమానా ఉంది. అది సబబే. అయితే 2016 నాటి చట్టం ప్రకారం అలా పనిచేయడమే నేరం, ఆ కూలిని నేరపు సొమ్ముగా జప్తు చేయవచ్చు. జీతం ఎగ్గొట్టే యజమాని ధైర్యమంతా ఇక్కడే ఉంది. గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తట్ట మోసిన పాలమూరు లేబర్‌ను చూసినవాళ్లం మనం. 2025 నవంబరులో రద్దయిన మన 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, అమలు ఎంత బలహీనమైనా, కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే అసలు యజమానే ఇవ్వాలని రాసింది. జరిమానా వసూలు చేసే చేతితోనే బాకీ కూలిని కూడా వసూలు చేసి పనివాడికి ఇప్పించాలి; అప్పుడే దొంగతనంగా పనిలో పెట్టుకోవడం యజమానికి గిట్టుబాటు కాకుండా పోతుంది.

మర్నాడు నేను అతని తండ్రితో కూర్చుని ఏజెంటు మీద పోలీసులకు ఫిర్యాదు రాశాను. రశీదు ఒక్కటీ లేదు. పైసలు ఇచ్చినందుకు ఆధారంగా దొరికింది ఆయన ఫోన్‌లోని నాలుగు ఫోన్‌పే చెల్లింపులే.