బొట్టు వైపు చూడు

నేను నెల్లూరులో ఒక ఆక్వా ల్యాబులో పనిచేస్తాను. రొయ్యల రైతులు సీసాల్లో చెరువు నీళ్లు తెస్తారు. ఉప్పు శాతం, పీహెచ్, అమ్మోనియా చూసి చెప్పాలి. 14 ఏళ్లు వెనక గదిలో మైక్రోస్కోపు దగ్గరే గడిపాను. వచ్చినది విడవలూరు రైతో అల్లూరు రైతో ముఖం చూస్తే నాకు చప్పున గుర్తు రాదు. సీసా మూతకు చుట్టిన దారమో, చీటీ మీది చేతిరాతో చూస్తే మాత్రం అది ఏ చెరువో, పోయిన వారం అందులో అమ్మోనియా ఎంత ఉందో కూడా చెప్పగలను. ప్లేటు మీద చుక్కలుగా పెరిగిన బాక్టీరియాను, పసుపువీ ఆకుపచ్చవీ విడివిడిగా లెక్కపెట్టేటప్పుడు ఉన్నంత ప్రశాంతత నాకు ఇంకెక్కడా దొరకలేదు.

నిరుడు నన్ను ముందు కౌంటరుకు మార్చారు. గౌరవంగానే, జీతం పెంచి మరీ మార్చారు. అక్కడ మూడు ఫోన్లు. తలుపు తెరిచినప్పుడల్లా రోడ్డు మీది హారన్లు. నలుగురు రైతులు ఒకేసారి అడుగుతారు. రెండో నెల వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటితే నాకు మాట వచ్చేది కాదు. చెప్పవలసింది తెలుసు, అది నోటి దాకా వచ్చేది కాదు. ఇంటికి వచ్చి లైటు వేయకుండా వంటింటి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. మా ఆయన అన్నం కలిపి, పళ్లెం నా పక్కన పెట్టి, ఏమీ అడగకుండా వెళ్లేవారు.

మొదట ఊళ్లోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లి, నాకు ఆటిజం ఉందేమో చూడమని అడిగాను. "అది చిన్నపిల్లల సమస్యమ్మా. నీకు పెళ్లయింది, ఉద్యోగం చేస్తున్నావు, నా ముఖం చూసి చక్కగా మాట్లాడుతున్నావు" అని నిద్రమాత్రలు రాసిచ్చారు. ఆ మాట చాలా రోజులు నన్ను పీడించింది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి ఆటిజం గురించి రాశారు. వారిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. ఆయన పెద్దవాడై బ్యాంకులో ఉద్యోగం చేసి, 2023లో 89 ఏళ్ల వయసులో చనిపోయారు. చిన్నపిల్లలకే పరిమితమైతే ఆయనకు అది ఏ పుట్టినరోజున పోయినట్టు?

మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5, 2013లో వచ్చింది. అది ఇంకా స్పష్టంగా చెబుతుంది. లక్షణాలు చిన్నతనంలోనే మొదలై ఉండాలి. అయితే మనిషి శక్తికి మించిన బరువు మీద పడేదాకా అవి పూర్తిగా బయటపడకపోవచ్చు, నేర్చుకున్న పద్ధతుల చాటున దాగి ఉండవచ్చు. అది చదివినప్పుడు నాకు మా కౌంటరు కనిపించింది. నేర్చుకున్న పద్ధతులంటే ఏమిటో మాత్రం అప్పటికి అర్థం కాలేదు.

"ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావు?" అన్నారు మా ఆయన. వెటకారం లేదు, నిజంగానే అడిగారు. వికలాంగుల హక్కుల కోసం తెచ్చిన 2016 చట్టంలో చేర్చిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, కానీ నేను ధ్రువపత్రం కోసం బయలుదేరలేదు. వెనక గది తిరిగి ఇమ్మని అడగాలి, అలా అడిగేటప్పుడు నేను బద్ధకస్తురాలిని కానని నాకు తెలిసి ఉండాలి. అదే చెప్పాను.

నెల్లూరు వాళ్లకు పెద్ద వైద్యమంటే మద్రాసే. తెలుగు వచ్చిన సైకాలజిస్టు అక్కడ దొరికారు. ఫోనులో ఆమె పెట్టిన షరతు ఒక్కటే: మీకు అయిదేళ్లు నిండకముందు మిమ్మల్ని ఎరిగినవారిని వెంట తీసుకురండి.

అంటే అమ్మ. అమ్మ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "నా పెంపకంలో ఏం తక్కువైందని?" అనేది. తల్లికి ప్రేమ లేకపోవడం వల్లే పిల్లలకు ఆటిజం వస్తుందని అమెరికాలో ఒకప్పుడు పేరున్న వైద్యులే నమ్మారు. అది తప్పని తేలి దశాబ్దాలు గడిచాయి. అమ్మ ఇవేవీ చదవలేదు. అయినా ఆ నింద తన గడప దాకా వస్తుందని ఆమెకు ఎలాగో తెలుసు.

వెళ్లాక మాత్రం అమ్మ చెబుతుంటే నేను నోరు మెదపలేదు. బొమ్మలతో ఊహించుకుని ఆడుకునేదా అని సైకాలజిస్టు అడిగారు. "లక్కపిడతలు ఇస్తే చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చేది. పక్కింటి పిల్లలు ఇసుకతో అన్నం వండితే, అది అన్నం కాదు ఇసుక అని ఏడ్చేది" అంది అమ్మ. రొట్టెల పండుగకు తీసుకువెళ్తే ఆ జనంలో నేను రెండు చెవులూ మూసుకుని నేల మీద కూర్చుండిపోయానట. ఆ ఏడాది అమ్మ స్వర్ణాల చెరువులో దిగి నా కోసం ఆరోగ్య రొట్టె పట్టుకుందట. ఈ సంగతి నాకు ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పలేదు.

"ఎదుటివాళ్ల కళ్లలోకి చూసేదా?"

"చూసేది కాదమ్మా. బడిలో పొగరు అనుకున్నారు. కళ్లు కష్టమైతే బొట్టు వైపు చూడు, వాళ్లకు తేడా తెలియదు, మగవాళ్లయితే కనుబొమల మధ్య చూడు అని నేనే నేర్పాను. అద్దం ముందు నిలబెట్టి రోజూ చేయించాను."

సైకాలజిస్టు రాయడం ఆపి నా వైపు చూశారు. ఆ క్షణాన నేను ఆమె బొట్టునే చూస్తున్నాను. మెరూన్ రంగు, అంచు కొద్దిగా లేచింది. నెల్లూరు డాక్టరు మెచ్చుకున్నది అమ్మ అద్దం ముందు నేర్పిన పాఠాన్నే. నన్ను ఇన్నేళ్లు ఎవరి కంటా పడకుండా దాచింది అమ్మ. దాచిన చోటు చూపగలిగింది కూడా ఆమే. నాకు కోపం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఆమెకు తెలిసిన ఒకే ఒక మందు అది.

ఇంకా ఒకసారి వెళ్లాలి, తరువాతే రిపోర్టు ఇస్తారు. తిరుగు రైలులో కిటికీ పక్క సీటు అమ్మ నాకే ఇచ్చింది. నాయుడుపేట దాటాక అమ్మ వైపు తిరిగి ఏదో చెప్పబోయాను.

"నన్ను చూడనక్కర్లేదులే. బయటికి చూస్తూనే చెప్పు, వింటాను" అంది.

గూడూరు వచ్చేదాకా పొలాల వైపు చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాను.